స్టీరింగ్ ఒక పక్కకే లాగుతోందా? ఒంటి ఇంజిన్ బోటును తిన్నగా నడిపించుకోవడం ఎలా

"స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, బోటు పక్కకి లాగేస్తోంది. ఇంజిన్ వంకరగా బిగించారంటారా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కొత్తగా స్పీడ్ బోటు పట్టిన కుర్రాళ్లు అడుగుతారు. చిన్న ఇంజిన్ తీసేసి పెద్దది పెట్టించుకున్నవాళ్లు అడుగుతారు. వేటకెళ్లే ఫైబర్ బోటుకి అవుట్‌బోర్డ్, అంటే వెనక బయట వేలాడే ఇంజిన్, తగిలించుకున్నవాళ్లూ అడుగుతారు. చాలాసార్లు ఇంజిన్‌కి ఏ జబ్బూ ఉండదు. ప్రొపెల్లర్ నీటిని తిప్పుతుంటే నీరు తిరిగి బోటును తిప్పాలని చూస్తుంది, అంతే. దీన్ని పూర్తిగా పోగొట్టలేం గానీ చేతికి పెద్దగా తెలియకుండా చేసుకోవచ్చు. అయితే ముందు స్పానర్ పట్టుకోకండి. ఎప్పుడు లాగుతోంది, ఎటు లాగుతోంది అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ చెప్పేదంతా వెనక ఒకే అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఉన్న బోటు గురించి. లెక్కలకి 40 హెచ్‌పీ ఇంజిన్ తీసుకున్నాను. షాఫ్టు, చుక్కాని ఉన్న లాంచీల సంగతి చివర్లో చెబుతాను, వాటి దారి వేరు.

ముందు ఈ కొంచెం తెలియాలి

చాలామంది మూడు వేర్వేరు విషయాలను కలిపేసి "టార్క్" అనేస్తారు. విడదీసి చూడండి.

మొదటిది వాలు. వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా కుడివైపుకి తిరుగుతుంటే, బోటు దానికి ఎదురుగా ఎడమ పక్కకి ఒరగాలని చూస్తుంది. ఎంత ఒరుగుతుంది? 40 హెచ్‌పీ ఇంజిన్ 5,500 ఆర్పీఎం దగ్గర ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 52 న్యూటన్ మీటర్లు. కింద గేర్లు వేగాన్ని సగానికి తగ్గిస్తాయనుకుంటే ప్రొపెల్లర్ దగ్గర అది 100 దాటుతుంది. ఇంట్లోకి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ టిన్ను బోటు నడిమి గీత నుంచి ఎడమకి అర మీటరు దూరంలో పెడితే ఎంత ఒరుగుతుందో, దాదాపు అంతే. ఇంతోటి దానికి బోటు బోల్తా పడుతుందని భయపడక్కర్లేదు. కానీ బోటు సన్నగా ఉండి, ఎడమవైపు ఇద్దరు కూర్చుని ఉంటే మాత్రం తేడా కనిపిస్తుంది.

రెండోది లాగుడు. ప్రొపెల్లర్ షాఫ్టు నీటి ప్రవాహానికి సమాంతరంగా లేకపోతే ఒక పక్క రెక్క ఎక్కువ నీటిని పట్టుకుంటుంది, రెండో పక్క తక్కువ పట్టుకుంటుంది. ఆ తేడా ఇంజిన్‌ను పక్కకి తిప్పుతుంది, మీ చేతిలో స్టీరింగ్ బరువెక్కుతుంది. జనం ఫిర్యాదు చేసేది ఎక్కువగా దీని గురించే.

మూడోది రివర్స్‌లో తన్ను. వెనక్కి వస్తున్నప్పుడు బోటు వెనక భాగం పక్కకి జరుగుతుంది.

కావలసినవి

- ఇంజిన్‌తో వచ్చిన మాన్యువల్
- ట్రిమ్ ట్యాబ్ (ప్రొపెల్లర్ పైన చేప తోకలా ఉండే చిన్న ముక్క) బోల్టుకి సరిపోయే సాకెట్ లేదా స్పానర్
- నీటికి చెరగని మార్కర్, చిన్న స్కేలు
- రెండు 20 లీటర్ల వాటర్ టిన్నులు, నింపి
- లైఫ్ జాకెట్లు, కిల్ స్విచ్ తాడు (ఒంటికి కట్టుకుంటే, మనిషి పడిపోగానే ఇంజిన్‌ను ఆపేసేది)
- పక్కన కూర్చుని రాసిపెట్టడానికి ఒక మనిషి
- గాలి లేని పొద్దున్న పూట, ఖాళీగా ఉన్న నీళ్లు

కిల్ స్విచ్ తాడు గురించి ఒక్క మాట. మన దగ్గర చాలా బోట్లలో అది డాష్‌బోర్డుకే వేలాడుతూ ఉంటుంది, లేదా "అడ్డం వస్తోంది" అని శాశ్వతంగా క్లిప్ పెట్టేసి ఉంటుంది. ఈ పరీక్షల్లో స్టీరింగ్ మీద పట్టు సడలిస్తాం కాబట్టి తాడు మీ ఒంటికి ఉండి తీరాలి. లాగుడు ఎక్కువగా ఉన్న బోటులో వేగంగా వెళ్తూ చేతులు పూర్తిగా వదిలేస్తే ఇంజిన్ ఒక్కసారిగా ఒక పక్కకి కొట్టుకుని బోటు గిర్రున తిరుగుతుంది. అందులోని మనిషి నీళ్లలోకి ఎగిరిపడతాడు. బోటు మాత్రం ఆగదు, గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. అందుకే తాడు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

1. ప్రొపెల్లర్ ఎటు తిరుగుతుందో చూడండి

ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని చూడండి. ఒంటి ఇంజిన్ బోట్లలో దాదాపు అన్నిటికీ కుడి తిప్పుడు ప్రొపెల్లరే ఉంటుంది. అనుమానం ఉంటే ప్రొపెల్లర్ విప్పి బల్ల మీద నిలువుగా పెట్టి పక్క నుంచి చూడండి. మీకు ఎదురుగా ఉన్న రెక్క ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతున్నట్టు ఉంటే అది కుడి తిప్పుడు. ఎడమ తిప్పుడు వాటికి సాధారణంగా నంబరు పక్కన "ఎల్" అక్షరం ఉంటుంది. ఇక నుంచి నేను చెప్పే కుడి, ఎడమలన్నీ కుడి తిప్పుడు ప్రొపెల్లర్‌కి, ముందుకి చూస్తూ కూర్చున్న మనిషికి. మీది ఎడమ తిప్పుడైతే తిరగేసి చదువుకోండి.

2. నీళ్లలో దిగకముందే తేలేవి తేల్చేయండి

ఇది వదిలేసి నేరుగా ట్రిమ్ ట్యాబ్ మీద పడేవాళ్లే ఎక్కువ. తర్వాత సాయంత్రం దాకా తిప్పలు పడేదీ వాళ్లే.

- బోటు అడుగున నీళ్లు నిలిచాయా? పూర్తిగా తోడేయండి.
- ఇంధనం ట్యాంకు, బ్యాటరీ, లంగరు అన్నీ ఒకే పక్క ఉన్నాయా?
- ఇంజిన్ వెనక పలకకి సరిగ్గా మధ్యలో ఉందా? స్కేలుతో రెండు అంచుల నుంచీ కొలవండి, కంటితో అంచనా వద్దు.
- ప్రొపెల్లర్ కింద రెక్కలా ఉండే స్కెగ్ వంగిందా? ఇసుక మేటల్లో తిరిగే బోట్లలో ఇది మామూలే. అది ఏ కొంచెం వంగినా చిన్న చుక్కానిలా పనిచేసి ఎప్పుడూ ఒకే పక్కకి లాగుతుంది.
- ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక బోటు అడుగు మట్టానికి లేదా దానికి 25 మిల్లీమీటర్ల లోపు కిందికి ఉందా? ఇంజిన్ మరీ ఎత్తులో ఉంటే ట్రిమ్ ట్యాబ్‌కి నీళ్లు అందవు. అప్పుడు దాన్ని ఎంత తిప్పినా ఒకటే.

3. మూడు వేగాల్లో నడిపి రాసుకోండి

తిన్నగా వెళ్లడానికి కనీసం అర కిలోమీటరు ఖాళీ ఉన్న చోటు ఎంచుకోండి. విజయవాడ వాళ్లయితే భవానీ ద్వీపం పైభాగాన పొద్దున్నే నీళ్లు అద్దంలా ఉంటాయి. బ్యారేజీ వైపు మాత్రం పోకండి.

ముందు నిదానంగా, తర్వాత బోటు ముక్కు లేచి నీటి మీద జారడం మొదలయ్యే వేగంలో, చివరికి మీరు రోజూ నడిపే వేగంలో వెళ్లండి. ప్రతి వేగంలోనూ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి వేళ్ల పట్టు మాత్రం సడలించండి. చక్రం ఎటు జరగాలని చూస్తోందో పక్కనున్న మనిషి రాసుకోవాలి. ఆ తర్వాత అదే దారిలో వెనక్కి రండి. గాలి వల్లో ప్రవాహం వల్లో అయితే తిరుగు దారిలో లాగుడు రెండో పక్కకి మారుతుంది. ప్రొపెల్లర్ వల్ల అయితే ఎటు వెళ్లినా ఒకే పక్కకి ఉంటుంది.

నిదానంలో కూడా గట్టిగా లాగుతోందంటే ప్రొపెల్లర్‌ని అనుమానించకండి, ఆ వేగంలో దాని టార్క్ చాలా తక్కువ. స్కెగ్ వంకర, స్టీరింగ్ కేబుల్ బిగుసుకోవడం, బరువు ఒక పక్కన పడటం, ఇలాంటివి చూసుకోండి. వేగం పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంటే మనం వెతికేది అదే.

4. ట్రిమ్ మార్చి చూడండి

అసలు రహస్యం ఇక్కడే ఉంది. ట్రిమ్ అంటే ఇంజిన్ బోటు వైపుకి గానీ బయటికి గానీ వాలి ఉండే కోణం. పవర్ ట్రిమ్ ఉంటే బటన్‌తో మారుతుంది. లేకపోతే బ్రాకెట్ రంధ్రాల్లో ఉండే ట్రిమ్ కడ్డీని మార్చాలి, అది ఇంజిన్ ఆపిన తర్వాతే.

ఇంజిన్‌ను లోపలికి, అంటే బోటు వైపుకి దించితే ముక్కు కిందికి దిగుతుంది, స్టీరింగ్ కుడికి లాగుతుంది. బయటికి లేపితే ముక్కు పైకి లేస్తుంది, లాగుడు ఎడమకి మారుతుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక చోట చక్రం తేలికైపోతుంది. ఆ చోటు వెతకండి. పవర్ ట్రిమ్ ఉంటే రోజూ నడిపే వేగంలో వెళ్తూ బటన్‌ను కొంచెం కొంచెంగా నొక్కుతూ పోండి. కడ్డీ అయితే ఒక్కో రంధ్రం మారుస్తూ మళ్లీ మళ్లీ నడపాల్సిందే, ఓపిక కావాలి.

నేను చూసిన బోట్లలో సగానికి పైగా ఇక్కడే బాగైపోయాయి. ఎవరో ఎప్పుడో ఇంజిన్ దించేటప్పుడు కడ్డీని చివరి రంధ్రంలో పెట్టి వదిలేసి ఉంటారు, ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకుని ఉండరు.

హెచ్చరికలు రెండు. మరీ లోపలికి దించి వేగంగా వెళ్తే ముక్కు నీళ్లలో దిగబడి బోటు చెప్పాపెట్టకుండా పక్కకి తిరిగిపోవచ్చు. మరీ బయటికి లేపితే ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది, ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజిన్ గోల పెడుతుంది. పైగా కూలింగ్ నీళ్లు పీల్చే రంధ్రాలు నీటి పైకి వస్తే ఇంజిన్ వేడెక్కిపోతుంది. పక్కనుండే చిన్న నీటి ధార పడుతోందో లేదో చూస్తూ ఉండండి.

5. ట్రిమ్ ట్యాబ్ సర్దండి

ట్రిమ్ సరిచేశాక ఇంకా లాగుతుంటేనే ఈ మెట్టు ఎక్కండి. ప్రొపెల్లర్ పైన, అడ్డ పలక కింద వెనక్కి చేప తోకలా ఒక చిన్న ముక్క ఉంటుంది. అదే ట్రిమ్ ట్యాబ్. కొన్ని చిన్న ఇంజిన్లకి ఇది ఉండదు. మీదాంట్లో లేకపోతే ట్రిమ్‌తో, బరువు సర్దుకోవడంతో సరిపెట్టుకోవాలి.

ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఇంజిన్‌ను పైకి లేపి లాక్ చేయండి. ట్యాబ్ ఇప్పుడు ఎక్కడుందో మార్కర్‌తో గీత గీయండి. బోల్టును విప్పేయకండి, వదులు చేస్తే చాలు.

బోటు ఎడమకి లాగుతుంటే ట్యాబ్ వెనక అంచును ఎడమకి తిప్పండి. కుడికి లాగుతుంటే కుడికి. అవును, లాగుతున్న వైపుకే. మొదటిసారి నేనూ చుక్కాని లెక్కన ఆలోచించి ఎదురు వైపు తిప్పాను. బోటు ఇంకా ఎక్కువ లాగింది. "చాల్లేదేమో" అని అదే వైపు ఇంకొంచెం తిప్పాను. ఒడ్డుకి వచ్చేసరికి భుజం పట్టేసింది! ట్యాబ్ కదిలించేది బోటును కాదు, ఇంజిన్‌ను. దాని అంచు ఎడమకి ఉంటే నీరు దాన్ని కుడికి నెడుతుంది, ఇంజిన్ వెనక భాగం కుడికి జరుగుతుంది, బోటు ముక్కు కుడికి వస్తుంది. ఎడమ లాగుడు అలా పోతుంది. ఇది బుర్రకెక్కకపోయినా పరవాలేదు, "ఎటు లాగితే అటే" అని గుర్తుంచుకోండి.

ఒక్కోసారి వెనక అంచు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లకి మించి కదపొద్దు. బోల్టు బిగించి, మళ్లీ మూడో మెట్టులోలా నడిపి చూడండి. సాధారణంగా రెండు మూడు సార్లలో దారికొస్తుంది.

ట్యాబ్ ఒక్క వేగానికి, ఒక్క ట్రిమ్‌కి మాత్రమే సరిగ్గా కుదురుతుంది. కాబట్టి మీరు రోజులో ఎక్కువసేపు నడిపే వేగానికే సర్దుకోండి. ఫుల్ త్రాటిల్‌లో చేతికి కొంచెం తగిలితే తగలనివ్వండి.

6. వాలు సంగతి

బోటు ఎడమకి ఒరుగుతోందంటే టిన్నులు తీయండి. ఒక టిన్ను కుడి పక్కన, నడిమి గీత నుంచి అర మీటరు దూరంలో పెట్టి నడపండి. వాలు పోతే అది ప్రొపెల్లర్ పనే. రెండు టిన్నులు పెట్టినా పోకపోతే బరువు ఎక్కడో తప్పు పడింది, లేదా బోటు అడుగే వంకరగా ఉంది.

శాశ్వత మందు చాలా సులువు. బ్యాటరీనో, లంగరునో, ట్యాంకునో కుడికి మార్చి కదలకుండా కట్టేయండి. డ్రైవర్ సీటు కుడి పక్కన ఉన్న బోటులో ఒక్కరే వెళ్తుంటే ఈ సమస్యే రాదు, మనిషి బరువే దాన్ని తినేస్తుంది. ఇంకా ఎక్కువే తినేస్తుంది. డ్రైవర్ ఒక్కడే ఉన్నప్పుడు బోటు కుడికి ఒరగడం అందుకే. స్టీరింగ్ చక్రం బదులు టిల్లర్, అంటే ఇంజిన్‌కి ఉండే చేతి కర్ర, పట్టుకుని నడిపే బోటులో మాత్రం మనిషి ఎడమ చేత్తో నడపాలంటే కుడి పక్కన కూర్చోవాలి, అది వాలుకి మంచిదే. కుడి చేతివాటం వాళ్లు ఎడమ పక్కన కూర్చుంటారు. వాలుకి వాళ్ల బరువు కూడా తోడవుతుంది.

అన్నీ సర్దిన బోటు కూడా జనం ఎక్కితే మారిపోతుంది. కొండో గుడో కనబడగానే ఫొటోల కోసం అందరూ ఒక పక్కకి చేరతారు. ఆ సమయంలో త్రాటిల్ తగ్గించండి, "అన్నా, కూర్చోండి" అని చెప్పండి. వాళ్లు కూర్చున్నాకే మళ్లీ వేగం పెంచండి. ఎడమకి మళ్లేటప్పుడు బోటు సహజంగానే ఎడమకి ఒరుగుతుంది, టార్క్ దానికి తోడవుతుంది. కాబట్టి జనం ఎడమ పక్కన ఉండగా ఎడమ మలుపు విసురుగా తిప్పొద్దు.

7. రివర్స్, ఒడ్డు చేరడం

రివర్స్‌లో ప్రొపెల్లర్ ఎదురు తిరుగుతుంది, బోటు వెనక భాగం ఎడమకి జరుగుతుంది. అవుట్‌బోర్డ్‌కి ఇది తక్కువే, ఎందుకంటే ఇంజిన్‌నే తిప్పి తోపును మార్చుకోవచ్చు. తక్కువైనా దీన్ని వాడుకోవచ్చు.

జెట్టీ మీ ఎడమ పక్కకి వచ్చేలా, కొంచెం ఏటవాలుగా, నిదానంగా రండి. ముక్కు దగ్గరకి రాగానే న్యూట్రల్ వేయండి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి, ఆ తర్వాతే రివర్స్ ఒక్క క్షణం వేయండి. వెనక భాగం తనంతట తానే జెట్టీకి చేరుతుంది. కుడి పక్కన ఆపాల్సి వస్తే ప్రొపెల్లర్ ఎదురు లాగుతుంది కాబట్టి రివర్స్ ఇంకొంచెం ఎక్కువ పట్టుకోవాలి. అయితే ప్రవాహం ఉన్న చోట ఈ లెక్కలన్నీ తర్వాత. ఎదురు ప్రవాహంలోంచి రావడమే ముఖ్యం, ఎడమో కుడో అదే చెబుతుంది.

చేత్తో లేపే ఇంజిన్లలో రివర్స్ లాక్ పడిందో లేదో చూడండి. పడకపోతే రివర్స్ వేయగానే ఇంజిన్ పైకి లేచిపోతుంది.

షాఫ్టు, చుక్కాని ఉన్న లాంచీల్లో ఈ తన్ను చాలా గట్టిగా ఉంటుంది, వెనక్కి వెళ్లేటప్పుడు చుక్కాని దాదాపు పనిచేయదు. అక్కడ సరంగు చేసేది తన్నుతో పోట్లాడటం కాదు. ఏ ఒడ్డున ఆపితే తన్ను కలిసొస్తుందో ముందే చూసుకుని అటు వస్తాడు. రెండు ఇంజిన్ల బోట్లలో ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరిగే ప్రొపెల్లర్లు పెడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఎక్కువగా చేసే తప్పులు

ఇంజిన్ తిరగడాన్ని బిగుతు చేసే స్టీరింగ్ ఫ్రిక్షన్ స్క్రూను బిగించేయడం అన్నిటికంటే చెడ్డది. టిల్లర్ ఇంజిన్లలో చాలామంది చేసేది ఇదే. లాగుడు తెలియదు, నిజమే. కానీ ఎదురుగా వల తాడో దుంగో వస్తే ఇంజిన్ తిరగదు.

రెండోది ట్యాబ్‌కి రంగు వేయడం. చాలా ఇంజిన్లలో ఈ ట్యాబే తుప్పు నుంచి మిగతా భాగాలను కాపాడే యానోడ్. అది తాను కరుగుతూ మిగతావాటిని కాపాడాలి. ఒకసారి సర్వీసుకి ఇచ్చిన ఇంజిన్ మొత్తం నిగనిగలాడుతూ తిరిగొచ్చింది, ట్యాబ్‌తో సహా నల్ల రంగు కొట్టి పంపారు. గీకి తీయడానికి పూట పట్టింది. ఉప్పునీళ్లలో తిరిగే బోటు నెలలు గడిచేకొద్దీ మెల్లగా లాగుడు పెంచుకుంటుంటే ట్యాబ్ అరిగిపోయిందేమో చూడండి. కరిగి సగమైతే మార్చేయాలి.

"ఇంకా వేగం కావాలి" అని ఎక్కువ పిచ్ (ఒక చుట్టుకి ముందుకి వెళ్లే దూరం) ఉన్న ప్రొపెల్లర్ వేయించుకుని, తర్వాత లాగుడు పెరిగిందని వచ్చేవాళ్లూ ఉన్నారు. ప్రొపెల్లర్ మారిస్తే మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలు. అలాగే ఆగి ఉన్న బోటులో ఒక్కసారిగా ఫుల్ త్రాటిల్ ఇవ్వకండి. వాలు, లాగుడు రెండూ ఒకేసారి వచ్చేది అప్పుడే. రెండు చేతులా పట్టుకుని మూడు నాలుగు సెకన్లలో మెల్లగా పెంచండి.

హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టిస్తే చేతికి లాగుడు తెలియదు. డబ్బు ఉంటే మంచిదే. అయినా ట్రిమ్ తప్పుగా ఉంటే బోటు తప్పుగానే పరుగెడుతుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. కాబట్టి ముందు నాలుగో మెట్టు పూర్తిచేసి, ఆ తర్వాత దాని గురించి ఆలోచించండి.

కుదిరిందో లేదో ఎలా చూడాలి

రోజూ నడిపే వేగంలో, రోజూ ఎక్కే బరువుతో వెళ్తూ చక్రాన్ని ఎడమకి పావు చుట్టు, కుడికి పావు చుట్టు తిప్పి చూడండి. రెండు పక్కలా ఒకే బలం పడితే కుదిరినట్టే. వేళ్ల పట్టు సడలించి మనసులో పది లెక్కపెట్టండి, అంతసేపూ బోటు దాదాపు తిన్నగా పోతే ఇంక ట్యాబ్ జోలికి వెళ్లకండి. ఖాళీ బోటులో ఒకసారి, నిండు బోటులో ఒకసారి చూడండి. రెంటికీ తేడా వస్తే నిండు బోటు లెక్కే ఉంచుకోండి, ప్రమాదం ఎక్కువ ఉండేది అప్పుడే.

ట్యాబ్ చివరికి ఆగిన చోట కొత్త గీత గీసి, పాత గీత చెరిపేయండి. వారం తర్వాత ఇంజిన్ లేపినప్పుడు ఆ గీతను ఒకసారి చూడండి. ట్యాబ్ గీత దాటి జరిగి ఉంటే బోల్టు సరిగా పట్టలేదని అర్థం, వాషర్ మార్చి మాన్యువల్‌లో రాసినంత బిగించండి.